చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్

అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజధానియగు వాషింగ్టన్ నగరమున 1895వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్ జన్మించెను. తల్లిదండ్రులకు ఆయన ఏకైక సంతానము. తండ్రి విలియం పగలు ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగా పనిచేయుచు, రాత్రివేళ హోవర్డ్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి న్యాయవాది యయ్యెను. తల్లి మేరీ మొదట ఉపాధ్యాయినిగా నుండి, పిమ్మట గొప్ప యింటి స్త్రీలకు కేశాలంకరణము చేయు వృత్తిని చేపట్టి, ఆ సంపాదనతో కుమారుని చదువునకు తోడ్పడెను. వారి తాతముత్తాతలు బానిసత్వమును చూచినవారు. విద్య తప్ప తమకు వేరు ఆస్తి లేదని ఆ దంపతులు గట్టిగా నమ్మిరి.

శిశువునకు ఎనిమిది నెలల ప్రాయము వచ్చుసరికి, 1896 మే 18వ తేదీన, ఆ దేశపు సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పెను. లూసియానా రాష్ట్రమున తెల్లవారికిని నల్లవారికిని రైలులో వేరువేరు పెట్టెలుండవలెనని ఒక చట్టముండెను. హోమర్ ప్లెస్సీ అను నతడు తెల్లవారి పెట్టెలో కూర్చుండి, దిగుటకు నిరాకరించి, కోర్టు కీడ్వబడెను. ఏ రాష్ట్రమును తన పాలనలోనున్న ఏ వ్యక్తికిని చట్టముల సమరక్షణను నిరాకరింపరాదని 1868లో చేరిన 14వ రాజ్యాంగ సవరణ విధించుచున్నది. మన రాజ్యాంగమందలి 14వ అధికరణమునందును ఇంచుమించు ఇవే మాటలున్నవి. సంఖ్య కూడ ఒకటియే యగుట మాత్రము కాకతాళీయము. ఈ సవరణను ఆధారము చేసికొని ప్లెస్సీ వాదించెను. కాని వసతులు సమానముగా నున్నయెడల, జాతులను వేరుచేయుట రాజ్యాంగమునకు విరుద్ధము కాదని న్యాయమూర్తులు నిర్ణయించిరి. వారిలో హార్లన్ అను నాయన ఒక్కడే ఈ తీర్పుతో విభేదించెను.

రైలుపెట్టెను గూర్చి చెప్పిన ఈ మాట కొలది కాలములోనే పాఠశాలలకు ప్రాకెను. ఆ తీర్పులో వేరు అనునది ఒక మాట, సమానము అనునది మరియొక మాట. దక్షిణ రాష్ట్రములు మొదటి మాటను మిక్కిలి శ్రద్ధతో అమలు జరిపి, రెండవదానిని మరచెను. 1930 ప్రాంతమున దక్షిణ కెరొలైనా రాష్ట్రము ఒక్కొక్క తెల్లబిడ్డ చదువునకు చేయుచుండిన వ్యయము నల్లబిడ్డకు చేయుచుండిన వ్యయమునకు సుమారు పదిరెట్లు. జార్జియా రాష్ట్రమున ఒక జిల్లావారు నల్లపిల్లల ఉన్నత పాఠశాలను మూసివేసి, తెల్లపిల్లల ఉన్నత పాఠశాలను మాత్రము నడపుచుండగా, 1899లో సుప్రీంకోర్టు జోక్యము చేసికొన నిరాకరించెను.

ఇంకొక ఉదంతము కలదు. మిసిసిపీ రాష్ట్రమున రోజ్‌డేల్ అను చిన్న పట్టణమున గాంగ్ లమ్ అను చీనా దేశస్థుడు పచారీ దుకాణము నడపుచుండెను. 1924లో ఆయన కుమార్తె మార్తా, తొమ్మిదేండ్ల బాలిక, పాఠశాల తెరచిన దినముననే తరగతికి పోయి కూర్చుండెను. మధ్యాహ్నపు విరామమున ఆమెను పిలిచి, ఆమె తెల్లజాతిది కాదు గనుక ఇక ఈ బడికి రానక్కరలేదని పంపివేసిరి. ఆ బాలిక చేసిన తప్పేమియు లేదు. చదువులో వెనుకబడినదియు కాదు. తండ్రి న్యాయవాదులను పెట్టి దావా వేసెను. ఆ దావా సుప్రీంకోర్టు వరకు పోయెను. 1927లో న్యాయమూర్తులందరు ఏకమై, రాష్ట్రము చేసినది సక్రమమేయనిరి. నల్లవారి తరఫున వాదింపదలచిన న్యాయవాదికి ఆ దినములలో ఎదురుగా నిలిచిన గోడ ఇట్టిది.

చార్లెస్ చదివిన ఎమ్ వీధి ఉన్నత పాఠశాల నల్లపిల్లల కొరకే ఏర్పడినది. అందలి ఉపాధ్యాయులలో పలువురు పెద్ద విశ్వవిద్యాలయముల పట్టములు గలవారు. తెల్లవారి కళాశాలలు తమకు ఉద్యోగము లీయకపోవుటచే వారు ఉన్నత పాఠశాలలో బోధించుచుండిరి. పెద్దలకు జరిగిన అన్యాయము వలన పిల్లలకు మంచి గురువులు దొరకిరి. అచ్చట చదువు ముగించి 1911లో చార్లెస్ మసాచుసెట్సు రాష్ట్రమందలి ఆమ్‌హర్స్ట్ కళాశాలలో చేరెను. తన తరగతిలో నల్లవాడు ఆయన ఒక్కడే. 1915లో అగ్రశ్రేణిలో పట్టము పొంది, హోవర్డ్ విశ్వవిద్యాలయమున రెండేండ్లు ఆంగ్లము బోధించెను.

అప్పటికి ఆయనకు న్యాయవాది కావలెనను పట్టుదల లేదు. ఆ పట్టుదలను సైన్యము కలిగించెను. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధమున ప్రవేశించినపుడు, నల్లవారిని అధికారులుగా తీర్చిదిద్దు శిబిరమొకటి ఐయోవా రాష్ట్రమున నెలకొల్పబడెను. హ్యూస్టన్ అందుచేరి లెఫ్టినెంటు అయ్యెను. సైనిక విచారణలలో అభియోగము నడపు పని కొంతకాలము ఆయనకు అప్పగింపబడెను. మంచి పేరుగల ఒక నల్ల సార్జెంటునకు స్వల్ప విషయమున కఠిన శిక్ష పడుటను ఆయన కన్నులార చూచెను. తరువాత ఫ్రాన్సునకు పోయినపుడు, వాన్ అను పట్టణమున ఒక రాత్రి, స్వదేశపు తెల్ల సైనికుల గుంపొకటి ఆయనను, తోటి నల్ల అధికారులను చుట్టుముట్టి చంపుటకు సిద్ధపడెను. సైనిక పోలీసు అధికారి ఒకడు సమయమునకు రాకున్నచో ఆయన కథ ఆ రాత్రియే ముగిసియుండును. శత్రువు తుపాకులకంటె స్వపక్షమువారి ద్వేషమే ఆయన మనస్సున లోతుగా నాటుకొనెను. బ్రతికి ఇంటికి చేరినయెడల న్యాయశాస్త్రము చదివి, ఎదురుదెబ్బ తీయలేని వారి పక్షమున నిలుతునని ఆయన అచ్చటనే నిశ్చయించుకొనెను.

1919లో హార్వర్డు న్యాయకళాశాలలో చేరెను. అచ్చటి విద్యార్థులు నడపు న్యాయశాస్త్ర పత్రిక మిక్కిలి ప్రసిద్ధమైనది. దాని సంపాదకవర్గమునకు ఎన్నికైన మొదటి నల్లవాడు ఆయనయే. 1922లో పట్టమును, 1923లో డాక్టరేటును సంపాదించి, విద్యార్థివేతనముపై స్పెయిను దేశమునకు పోయి మాడ్రిడ్ విశ్వవిద్యాలయమున కొంతకాలము చదివెను. 1924లో వాషింగ్టనునకు మరలివచ్చి తండ్రితో కలిసి వకీలు వృత్తి ప్రారంభించెను.

అదే సంవత్సరము హోవర్డ్ న్యాయకళాశాలలో బోధింపసాగెను. 1929లో ఆ కళాశాల నిర్వహణభారమంతయు ఆయనపై పడెను. అప్పటికి అది రాత్రి కళాశాల. న్యాయవాదుల సంఘముల గుర్తింపు లేనిది. హ్యూస్టన్ ప్రవేశ నియమములను బిగించి, గ్రంథాలయమును పెంచి, రాత్రి తరగతులను రద్దుచేసి, పూర్తికాలపు పగటి కళాశాలగా మార్చెను. ఈ మార్పును నిందించినవారు పెక్కుమంది. పగలు కూలిపనియో, గుమాస్తా పనియో చేసికొని రాత్రి చదువుకొను పేదలకు ఇక దారి యేదని వారడిగిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. హ్యూస్టన్ తండ్రి ఆ రాత్రి తరగతులలో చదివియే న్యాయవాది యయ్యెను గదా! అయినను హ్యూస్టన్ వెనుదీయలేదు. తెల్ల న్యాయమూర్తుల యెదుట, తెల్ల న్యాయవాదులపై, అరకొర చదువుతో నిలిచిన నల్ల వకీలు ఓడిపోవుటయే గాక, నమ్మివచ్చినవాని ప్రాణమునకే ముప్పు తెచ్చునని ఆయన యెరుగును. 1931 నాటికి కళాశాలకు పూర్తి గుర్తింపు లభించెను.

ఆయన బోధన అతి కఠినము. విద్యార్థులను పుస్తకములతో విడువక, కోర్టులకును, చెరసాలలకును, పోలీసు ఠాణాలకును తీసికొనిపోయి చూపించెడివాడు. వాదమున ఒక్క ఆధారము తప్పినను క్షమించెడివాడు కాడు. ఇనుప బూట్లవాడని విద్యార్థులు ఆయనకు చాటున పేరు పెట్టిరి. చాలమంది మధ్యలోనే చదువు మానిరి. నిలిచినవారిలో 1933లో ప్రథముడుగా ఉత్తీర్ణుడైనవాడు థర్గుడ్ మార్షల్; ద్వితీయుడు ఆలివర్ హిల్. మార్షల్ స్వస్థలము బాల్టిమోరు. అచ్చట ఇంటికి సమీపముననే మేరీలాండ్ విశ్వవిద్యాలయపు న్యాయకళాశాల యుండినను, అది నల్లవారిని చేర్చుకొననిది. అందుచే అతడు ప్రతిదినము తెల్లవారుజామున రైలెక్కి వాషింగ్టనునకు వచ్చి చదువుకొనెను. అతని జీతము కట్టుటకు తల్లి తన పెండ్లి యుంగరమును తాకట్టు పెట్టవలసివచ్చెను.

నల్లజాతివారి అభ్యున్నతికై 1909లో స్థాపింపబడిన జాతీయ సంఘమొకటి న్యూయార్కున పనిచేయుచుండెను. 1935 నాటికి హ్యూస్టన్ హోవర్డ్ కళాశాల విడిచి, ఆ సంఘమునకు పూర్తికాలపు న్యాయవాదిగా చేరెను. అప్పటికే ఆయన కారులో దక్షిణ రాష్ట్రములందు సంచారము చేసియుండెను. చలనచిత్రములు తీయు కెమెరా నొకదానిని వెంట తీసికొనిపోయి, దక్షిణ కెరొలైనాలో నల్లపిల్లల బడులను, తెల్లపిల్లల బడులను చిత్రించెను. ఒకవైపు కిటికీలు లేని చెక్క గుడిసె. వేరొకవైపు పెద్ద కిటికీల ఇటుక భవనము. ఒకచోట పిల్లలు మైళ్ళ దూరము నడచివచ్చుచుండగా, వేరొకచోట వారిని బస్సులు తెచ్చి దించుచుండెను. నల్లవారికి హోటళ్ళలో చోటీయరు గనుక ఆయన రాత్రులందు తెలిసినవారి యిండ్లలో తల దాచుకొనెడివాడు. కొన్ని యాత్రలలో మార్షల్ ఆయనకు తోడుగా నుండెను. ప్రభుత్వమువారు సమానమని చెప్పుకొనుచున్న దానిని న్యాయమూర్తి కనులకు కట్టినట్లు చూపవలెనన్నచో, వట్టి మాటలు చాలవు. లెక్కలు, కొలతలు, ఛాయాచిత్రములు కావలెను.

ఆయన వేసిన ఎత్తు ఇది. జాతులను వేరుచేయుట తప్పని ఒక్కసారిగా వాదించినచో, 1896 నాటి తీర్పును చూపి కోర్టు త్రోసివేయును. కావున ముందుగా ఆ తీర్పునే నమ్మినట్లు నటించి, అందలి సమానము అను మాటను రాష్ట్రములచే అక్షరాల చెల్లింపచేయవలెను. ప్రతి విద్యాసంస్థను రెండేసిగా, నిజముగా సమానముగా కట్టుట ఏ రాష్ట్ర ధనాగారమునకును శక్యము కాదు. భారము మోయలేక రాష్ట్రములే వేర్పాటును విడువవలసివచ్చును. ప్రారంభమునకు ఆయన న్యాయకళాశాలల నెన్నుకొనెను. దక్షిణ రాష్ట్రములలో నల్లవారికి ప్రభుత్వ న్యాయకళాశాలలు లేనేలేవు. లేనిది సమానమని ఎవరును చెప్పజాలరు. పైగా తీర్పరులందరు న్యాయకళాశాలలలో చదివినవారే. మంచి కళాశాల యన నేమో వారికి వేరుగా బోధింపనక్కరలేదు. చిన్నపిల్లల బడులను ముట్టుకొన్నచో చెలరేగు అలజడియు ఇందు కొంత తక్కువ.

మొదటి అవకాశము బాల్టిమోరుననే లభించెను. డోనాల్డ్ మర్రే అను యువకుడు, హ్యూస్టన్ చదివిన ఆమ్‌హర్స్ట్ కళాశాల పట్టభద్రుడే, మేరీలాండ్ న్యాయకళాశాలకు దరఖాస్తు పెట్టుకొనెను. నల్లవారిని చేర్చుకొనమని, కావలెనన్నచో వారి కొరకున్న ప్రిన్సెస్ ఆన్ విద్యాలయమునకు పొమ్మని అధికారులు జవాబు పంపిరి. ఆ విద్యాలయమున న్యాయశాస్త్ర శాఖయే లేదు. 1935 జూనులో న్యాయమూర్తి ఓడన్ యెదుట విచారణ జరిగెను. ఒకవైపు గురువు హ్యూస్టన్, ప్రక్కన శిష్యుడు మార్షల్. ఆ కళాశాల తలుపులు తనకే మూసియుండిన మార్షల్, దాని మీది దావాలో వకీలుగా నిలుచుట విశేషము. హ్యూస్టన్ విశ్వవిద్యాలయాధ్యక్షుని బోనులో నిలిపి, కేకలు వేయక, చిన్నచిన్న ప్రశ్నలతో ఒక్కొక్క అడుగే వేయుచు, రెండు విద్యాలయముల నడుమనున్న అంతరము ఆయన నోటనే బయటపెట్టించెను. విచారణ ముగిసిన వెంటనే, మర్రేను చేర్చుకొనుడని న్యాయమూర్తి ఆజ్ఞాపించెను. 1936 జనవరిలో రాష్ట్రపు అప్పీలు కోర్టు దానిని ధ్రువపరచెను. మర్రే తోటి విద్యార్థులతో కలిసి చదివి 1938లో పట్టము పుచ్చుకొనెను. అతడు చేరుటచే ఏ అల్లరియు జరుగలేదు.

ఆ విజయము మేరీలాండునకే పరిమితము. దేశమంతటికి చెల్లు తీర్పు సుప్రీంకోర్టు నుండియే రావలెను. దానిని తెచ్చినది లాయిడ్ గెయిన్స్ దావా. ఇతడు మిజూరీ రాష్ట్రమున, నల్లవారి కొరకేర్పడిన లింకన్ విశ్వవిద్యాలయమున 1935లో పట్టము పొంది, తెల్లవారి మిజూరీ విశ్వవిద్యాలయపు న్యాయకళాశాలలో చేరగోరెను. అతడు నల్లవాడని తెలియగనే అధికారులు నిరాకరించిరి. పొరుగు రాష్ట్రమునకు పోయి చదువుకొన్నచో అచ్చటి జీతమును తామే చెల్లింతుమని చెప్పిరి. పైపైన చూచువారికి ఇది ఔదార్యముగా తోచును. కాని సొంత యింటిలో అన్నము పెట్టక, ప్రక్కయింటిలో తినుమని డబ్బిచ్చుట వంటిది. మిజూరీలో వకీలు పని చేయదలచినవాడు మిజూరీ చట్టములను, అచ్చటి కోర్టు పద్ధతులను అచ్చటనే నేర్వవలెను. భవిష్యత్తులో తనతో పనిచేయబోవు వారితో కలిసి నేర్వవలెను.

1936 జూలైలో కొలంబియా పట్టణపు కోర్టులో విచారణ. ఆ యేడు అనావృష్టి, ఎండలు మండిపోవుచుండెను. కరవు సాయము కొరకు కోర్టు భవనమునకు వచ్చిన తెల్ల రైతులు, నల్ల వకీళ్ళు వాదించుట చూచుటకై హాలులో క్రిక్కిరిసిరి. స్థానిక న్యాయవాది రెడ్మండ్‌తో కలిసి హ్యూస్టన్ వాదించెను. ఓడిపోవుదుమని ఆయనకు ముందే తెలియును. అయినను ప్రతి సాక్ష్యమును, ప్రతి పత్రమును జాగ్రత్తగా రికార్డునకు ఎక్కించెను. పై కోర్టువారు చదువునది ఆ రికార్డునే. అనుకొన్నట్లే క్రింది కోర్టులోను, రాష్ట్ర సుప్రీంకోర్టులోను ఓటమి కలిగెను.

1938 నవంబరులో దావా దేశపు సుప్రీంకోర్టునకు వచ్చెను. వాదనకు ముందు రాత్రి హ్యూస్టన్ హోవర్డ్ న్యాయకళాశాలలో అధ్యాపకులను, విద్యార్థులను న్యాయమూర్తుల స్థానమున కూర్చుండబెట్టి, తోచిన ప్రశ్నలన్నియు అడుగుడని చెప్పి, వారి యెదుట తన వాదమును అభ్యాసము చేసెను. మరునాడు కోర్టులో మెక్‌రెనల్డ్స్ అను న్యాయమూర్తి, నల్లవాడు వాదించుట సహింపలేక, కుర్చీ త్రిప్పుకొని వీపు చూపి కూర్చుండెనని చెప్పుదురు. హ్యూస్టన్ మాత్రము స్వరము మార్పక తన వాదమును ముగించెను.

డిసెంబరు 12వ తేదీన ప్రధాన న్యాయమూర్తి హ్యూస్ తీర్పు చదివెను. గెయిన్స్ పక్షమున ఆరుగురు, వ్యతిరేకముగా ఇద్దరు. సమరక్షణ కల్పించు విధి ఆయా రాష్ట్రము తన హద్దులలోపలనే నెరవేర్చవలసినదని, దానిని ఇంకొక రాష్ట్రముపైకి నెట్టివేయుట చెల్లదని న్యాయమూర్తులు నిర్ణయించిరి. న్యాయశాస్త్రము కోరు నల్లవారు కొలదిమందియే యని రాష్ట్రము చేసిన వాదమును వారు అంగీకరింపలేదు. ఆ హక్కు వ్యక్తిది. కోరినవాడు ఒక్కడైనను అతనికి చెందవలసినదే. 1899లోను, 1927లోను మూసుకొనిన తలుపు ఈ తీర్పుతో కొంచెము తెరచుకొనెను.

కాని గెయిన్స్‌నకు దాని ఫలము దక్కలేదు. మిజూరీ ప్రభుత్వము తొందర తొందరగా లింకన్ విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా న్యాయకళాశాల యొకటి సెయింట్ లూయీ నగరమున ఏర్పరచెను. అది పూర్వము సౌందర్యాలంకరణము నేర్పు పాఠశాల నడచిన భవనము. అది సమానము కాదని మరల కోర్టు కెక్కుటకు హ్యూస్టన్ సిద్ధపడుచుండెను. ఇంతలో 1939 మార్చి 19వ తేదీ రాత్రి, షికాగో నగరమున, తపాలా బిళ్ళలు కొనుటకని చెప్పి బసనుండి వెలుపలికి పోయిన గెయిన్స్ మరల కనబడలేదు. అతని నెవరైన చంపిరో, బెదిరింపులకు వెరచి తానే ఎచ్చటికైన పోయెనో నేటికిని తేలలేదు. వాది లేని దావా ముందునకు సాగలేదు. ఇట్టి వ్యాజ్యములలో పేరిచ్చి ముందు నిలుచు విద్యార్థి ఎంత ప్రమాదమును నెత్తికెత్తుకొనునో, దీనివలన తెలియును. తీర్పుల పుస్తకములలో ఆ భయము కనబడదు.

1938లోనే హ్యూస్టన్, ఆరోగ్యము సన్నగిల్లగా, న్యూయార్కు విడిచి తండ్రి కార్యాలయమునకు మరలివచ్చెను. సంఘపు బాధ్యత మార్షల్ చేతికి వచ్చెను. హ్యూస్టన్ విశ్రమించెనని మాత్రము తలపరాదు. రైల్వే కార్మిక సంఘము తాను ప్రాతినిధ్యము వహించు కార్మికులందరి పట్ల, నల్లవారి పట్ల సైతము, పక్షపాతము లేక మెలగవలెనని 1944లో సుప్రీంకోర్టుచే చెప్పించెను. ఉద్యోగములలో జాతిభేదమును విచారించు ప్రభుత్వ సంఘమున సభ్యుడై, రాజధానియందలి ట్రాము కంపెనీ నల్లవారిని నడుపరులుగా తీసికొననపుడు ప్రభుత్వము ఉపేక్షించుటచే 1945లో రాజీనామా ఇచ్చెను.

ఆయన చివరి పెద్ద పని మరల బడిపిల్లలను గూర్చినదే. వాషింగ్టన్ నగరమున బ్రౌన్ జూనియర్ ఉన్నత పాఠశాలలో నల్లపిల్లలు పట్టనంతమంది చేరగా, పూటకు కొందరు చొప్పున రెండు పూటల బడి నడపిరి. తెల్లపిల్లల బడులలో గదులు ఖాళీగా నుండెను. 1947 డిసెంబరున తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపక మాన్పించిరి. వారికి నాయకుడు గార్డ్‌నర్ బిషప్. క్షౌరశాల నడపుకొను సామాన్యుడు. చదువుకొనిన నల్లవారు తనవంటి వారిని చిన్నచూపు చూతురని అతనికి కోపము. అట్టివానికడకు హార్వర్డు డాక్టరేటు గల హ్యూస్టన్ తానుగా పోయి, ప్రతిఫలము లేక మీ వకీలుగా నుందునని చెప్పెను. వారిద్దరకు కుదిరిన స్నేహము ఆశ్చర్యకరమైనది. పాఠశాల భవనములు, పుస్తకములు, ఆటస్థలములు, ఒక్కొక్కదానిని గూర్చి సమానత్వము కోరుచు హ్యూస్టన్ వ్యాజ్యములు వేసెను.

1949లో ఆయనకు గుండెజబ్బు వచ్చెను. ఇక తాను లేవలేనని గ్రహించి, బిషప్‌ను పిలిపించి, హోవర్డ్ అధ్యాపకుడగు జేమ్స్ నాబ్రిట్ వద్దకు పొమ్మని చెప్పెను. 1950 ఏప్రిల్ 22వ తేదీన, 54 సంవత్సరముల ప్రాయమున, కన్నుమూసెను. కుమారుడు అప్పటికి చిన్నవాడు. అటుపిమ్మట ఆరు వారములకు, జూన్ 5వ తేదీన, సుప్రీంకోర్టు రెండు తీర్పులు చెప్పెను. టెక్సాసులో నల్లవారికి క్రొత్తగా పెట్టిన న్యాయకళాశాల సమానము కాదనునది ఒకటి. ఓక్లహోమాలో ఒక నల్ల విద్యార్థిని చేర్చుకొనియు, తరగతిలోను గ్రంథాలయములోను వేరుగా కూర్చుండబెట్టుట చెల్లదనునది రెండవది. రెండింటిలోను వాదించినవారు ఆయన వేసిన త్రోవనే నడచిరి.

బిషప్ నాబ్రిట్ వద్దకు పోయెను. సమానమైన గదులు, పుస్తకములు కోరుట తనకు సమ్మతము కాదని, వేర్పాటునే ఎదిరింతమన్నచో వత్తునని నాబ్రిట్ చెప్పెను. 1950 సెప్టెంబరు 11వ తేదీన బిషప్ 11మంది పిల్లలను వెంటబెట్టుకొని క్రొత్తగా కట్టిన సూసా పాఠశాలకు పోయెను. గదులు ఖాళీగా నున్నను పాఠశాలవారు చేర్చుకొనలేదు. దావా పడెను. రాజధాని ఏ రాష్ట్రమునకును చెందినది కాదు గనుక 14వ సవరణ దానికి వర్తింపదు. ఇది పెద్ద చిక్కు. 1954 మే 17వ తేదీన సుప్రీంకోర్టు, రాష్ట్రముల బడులలో జాతివేర్పాటు చెల్లదని తొమ్మిదిమంది ఏకగ్రీవముగా తీర్పు చెప్పి, అదే దినమున వాషింగ్టన్ దావాలోను అట్లే నిర్ణయించెను. రాష్ట్రములపైనున్న విధికంటె కేంద్ర ప్రభుత్వముపైనున్న విధి తక్కువదని ఊహించుటకైనను వీలులేదని న్యాయమూర్తులు కారణము చూపిరి. రాష్ట్రముల దావాలలో ముఖ్యముగా వాదించినవాడు మార్షల్. పని అంతయు హ్యూస్టన్‌దేయని అతడు జీవితాంతము చెప్పుచుండెను.

తీర్పు వచ్చినంతమాత్రమున తలుపులు తెరచుకొనలేదు. వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ జిల్లావారు, నల్లపిల్లలతో కలిసి చదివింపనొల్లక, 1959లో ప్రభుత్వ పాఠశాలలన్నిటిని మూసివేసిరి. తెల్లవారు తమ పిల్లలకు సొంత బడి పెట్టుకొనిరి. నల్లపిల్లలలో అనేకులు 1964లో సుప్రీంకోర్టు తెరిపించువరకు ఐదేండ్లు చదువు లేకయే గడపిరి. 1960లో అలబామాలో, కోర్టు భవనపు ఫలాహారశాలలో తెల్లవారితో సమముగా వడ్డింపుడని అడిగిన నల్ల విద్యార్థులను వారి కళాశాల, సంజాయిషీ యడుగకయే శాశ్వతముగా బహిష్కరించెను. నోటీసు ఇయ్యక, చెప్పుకొన అవకాశ మీయక ప్రభుత్వ కళాశాల విద్యార్థిని వెడలగొట్టరాదని 1961లో అప్పీలు కోర్టు నిర్ణయించెను. 1975లో సుప్రీంకోర్టు ఈ న్యాయమును బడిపిల్లలకును వర్తింపజేసి, పది దినములపాటు పంపివేసినను కారణము చెప్పి, పిల్లవాని మాట వినవలెననెను.

మార్షల్ 1967లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి యయ్యెను; ఆ పదవి నలంకరించిన మొదటి నల్లవాడు అతడే. అతనికి చోటీయని మేరీలాండ్ న్యాయకళాశాల గ్రంథాలయమునకు తరువాత అతని పేరు పెట్టిరి. హోవర్డ్ న్యాయకళాశాల ప్రధాన భవనమునకు హ్యూస్టన్ పేరు కలదు. లాయిడ్ గెయిన్స్‌నకు మిజూరీ విశ్వవిద్యాలయము 2006లో, అతడు దరఖాస్తు పెట్టిన 71 సంవత్సరములకు, గౌరవ న్యాయపట్టము నొసగెను.